కుక్కకు పెట్టిన పథ్యం

మా ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా మొదటి ప్రశ్న ఏ మందు వేసుకోవాలని కాదు, ఏం తినకూడదని. జలుబు చేస్తే అరటిపండు మానాలి. జ్వరం తగ్గాక కూడా కొన్నాళ్లు పెరుగు మానాలి. కాలు బెణికినా సరే వంకాయ మానాలి. కాలికీ వంకాయకీ సంబంధమేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. నేను లెక్కల టీచర్ని. కారణం లేకుండా పిల్లలు ఒక స్టెప్పు ఎగరేస్తేనే ఊరుకోను. అందుకని పెళ్లైన కొత్తలో ఒకసారి ధైర్యం చేసి అడిగాను. మా అత్తయ్యగారు నావంక జాలిగా చూసి, "అడక్కూడదు అమ్మాయీ, మానీడమే" అన్నారు. ఆ తర్వాత నేను అడగడం కూడా మానేశాను.

అలాంటి ఇంట్లో కుక్కకి దురద పట్టింది.

కుక్క మా అమ్మాయిది. డిగ్రీ చదివే రోజుల్లో బస్సు కాంప్లెక్స్ ఎదురుగా టీకొట్టు బల్ల కింద వానకి వణుకుతున్న పిల్లని చున్నీలో చుట్టుకుని తెచ్చింది. నాటు కుక్క. ఒళ్లంతా గోధుమరంగు, ఛాతీ మీద మాత్రం తెల్లమచ్చ. వద్దంటే వద్దని నేను అరిచాను. అరవడం నాకు అలవాటు, వినకపోవడం మా ఇంట్లోవాళ్లకి అలవాటు. వారం తిరక్కుండా అది మా ఆయన కూర్చునే సోఫా ఎక్కి పడుకుంది, ఆయన కుర్చీలోకి మారారు. అమ్మాయికి పెళ్లై విశాఖపట్నం కాపురానికి వెళ్లినప్పుడు ఆ చిన్న ఫ్లాట్‌లోకి కుక్కని తీసుకెళ్లడం కుదరలేదు. "నా పుస్తకాలూ బట్టలూ ఏం చేసుకున్నా సరే, దాన్ని మాత్రం జాగ్రత్తగా చూసుకో అమ్మా" అని చెప్పి వెళ్లింది. అప్పటినుంచి సాయంత్రం వీడియో కాల్ వస్తే ముందు కుక్క కనపడాలి, ఆ తర్వాతే నేను.

దానికి వేరే వంటంటూ ఏనాడూ లేదు. ఆదివారం మా ఆయన చేపల సంచీతో వీధి మలుపు తిరిగారంటే గేటు దగ్గర గంతులు మొదలయ్యేవి. చేప తలకాయలు ఉడకబెట్టి, ముళ్లు తీసి అన్నంలో కలిపేదాన్ని. మేం గుడ్డు తిన్నరోజు దానికీ గుడ్డు. దాని బొచ్చు ఎంత నున్నగా మెరిసేదంటే, పక్కింటావిడ ఒకసారి ఏం షాంపూ వాడుతున్నారని అడిగింది. షాంపూ లేదు, గీంపూ లేదు, అప్పుడప్పుడు నుయ్యి గట్టు మీద నాలుగు చెంబులు కుమ్మరించడమే అన్నాను. ఆవిడ నమ్మలేదు.

మొన్నామధ్య ఎండాకాలంలో దానికి గోమార్లు, అదే రక్తం పీల్చే పురుగులు, పట్టాయి. చెవుల వెనకా తోక మొదట్లోనూ గుత్తులు గుత్తులుగా పట్టాయి. కూర్చుని ఏరాం, మందుల షాపులో అడిగి పొడి తెచ్చి చల్లాం. గోమార్లు పోయాయి. గోక్కోవడం మాత్రం కొంచెం మిగిలింది. ఆ కొంచెం దగ్గరే అత్తయ్యగారు రంగంలోకి దిగారు.

అత్తయ్యగారిది కోటవురట్ల పక్కన పల్లె. వరిచేలూ చెరకుతోటలూ చూసుకున్న మనిషి. ఎనభై దాటినా నడుం వంగలేదు, గొంతు తగ్గలేదు. మామయ్యగారు పోయాక నర్సీపట్నంలో మా దగ్గరే ఉంటున్నారు. ఇంట్లో వంట నాది, పథ్యం ఆవిడది. ఈ పంపకం ఎవరూ చెప్పుకున్నది కాదు, అలా జరిగిపోయింది.

"దురదకి నీసు పడదు. సేపలూ గుడ్లూ బేగి మానిపించీండి" అన్నారు.

కుక్కకి పథ్యమేమిటని మాలో ఒక్కరికీ అనిపించలేదు. గజ్జి, తామర, చిడుము, పేరు ఏదైనా సరే, ఒంటిమీద దురదంటే నీచు మానాలన్నది మాకు ఒకళ్లు చెప్పాల్సిన సంగతి కాదు. ఎండలకి చొక్కా విప్పుకుని గోక్కుంటున్న మగవాడికి చెప్పినట్టే కుక్కకీ చెప్పాం. దానికి చెప్పడం దేనికి, పళ్లెంలో వెయ్యకపోతే సరిపోయింది.

దురద తగ్గలేదు. చారన్నం, పప్పన్నం తిన్న కొన్నాళ్లకి ఇంకాస్త పెరిగింది. మా ఇళ్లలో పథ్యం పనిచెయ్యకపోతే పథ్యాన్ని అనుమానించరు, సరిగ్గా చెయ్యలేదంటారు. కందిపప్పు వేడని పప్పు తీసేశారు. పాలు కఫమని పాలు తీసేశారు. నేను కూరలో వేసిన ఒక్క వంకాయ ముక్క దాని పళ్లెంలో కనపడిందని ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. చివరికి మిగిలింది పల్చటి మజ్జిగ కలిపిన అన్నం, కాస్త గంజి. అది నావంక చూసేది, పళ్లెం వంక చూసేది, మళ్లీ నావంక చూసేది. నేను వంటగదిలోకి వెళ్లిపోయేదాన్ని.

లోపల ఎంత కట్టామో పైన అంత పూశాం. వేపనూనె ఒకరోజు, పసుపు ఒకరోజు, రెండూ కలిపి ఒకరోజు. అది నాకేసుకునేది, తర్వాత కక్కుకునేది. సోఫా పచ్చబడింది, కర్టెన్లు పచ్చబడ్డాయి, ఇల్లంతా వేపకంపు. స్కూల్లో తోటి టీచరొకావిడ నా పక్కన కూర్చుని, "మేడం, మీ ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోసిందా?" అని మెల్లగా అడిగింది. కుక్కకి దురద అని చెబితే లేచి అవతల కుర్చీలోకి వెళ్లింది.

ఒకరోజు అది గేటు సందులోంచి దూరి పక్కింటివాళ్ల చెత్తబుట్టలో చేపముళ్లు ఏరుకుని తింది. పథ్యం చెడిందని అత్తయ్యగారు గొలుసు వేయించారు. పుట్టి బుద్ధెరిగాక దాని మెడకి గొలుసు పడటం అదే మొదలు. సాయంత్రం నేను స్కూలు నుంచి, కొయ్యూరు వైపు నుంచి వచ్చే బస్సు దిగి ఇంటికొస్తే, ఇదివరకు నా సంచీ లాగేసేంత సందడి చేసేది, ఇప్పుడు పడుకున్నచోటునుంచే తోక ఒకసారి ఊపి ఊరుకునేది.

వానలు వెనకబట్టేసరికి వెన్ను మీద బొచ్చు పలచబడి చర్మం నల్లగా బయటపడింది. పడుకున్న గోనె దులిపితే తవుడు రాలినట్టు పొట్టు రాలేది. మొహం మీద బొచ్చు ఇంకా బాగానే ఉంది కాబట్టి వీడియో కాల్‌లో మొహం మాత్రమే చూపించేదాన్ని. మా అమ్మాయి నా కడుపునే పుట్టింది. ఒకరోజు, "ఫోన్ కిందకి దించమ్మా" అంది. దించాను. అప్పటికి అమ్మాయి ఆరో నెల కడుపుతో ఉంది. నేను ఫోన్ పెట్టేశాను.

అసలు గొడవ అక్కడే ఉంది. తొలికాన్పు. తొమ్మిదో నెల పడగానే మా ఇంటికి వస్తుంది. ఆ సమయంలో కూతురు నా చేతుల్లో ఉండాలన్నది నాకు చాలా పెద్ద కోరిక. పెళ్లి కుదిరిన రోజునుంచీ దానికోసమే ఎదురు చూశానంటే అబద్ధం కాదు. ఇటు చూస్తే అత్తయ్యగారు నిర్ణయం చెప్పేశారు. "పసిగుడ్డు వచ్చే ఇంట్లో గజ్జికుక్క ఉండకూడదు. కార్తీకం ఎల్లేలోపు తోటకి పంపించీండి."

తోటంటే మా మరిది చూసుకునే జీడితోట. అక్కడ కాపలాకి మూడు కుక్కలున్నాయి. కొత్త మొహాన్ని కంచె దాటనివ్వవు. సోఫా మీద పెరిగిన మా కుక్క, అందులోనూ ఆ ఒంటితో, ఆ మూడింటి మధ్య ఎన్నాళ్లు బతుకుతుందో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు. మా ఆయన ఇలాంటప్పుడు పేపరు చదువుతారు. అప్పుడూ అదే చేశారు.

సంగతి అమ్మాయికి తెలిసింది. "గేటు దగ్గర అది లేకపోతే నేను రాను. ఇక్కడే కంటాను" అంది.

స్పీకర్ ఆన్‌లో ఉందేమో, అత్తయ్యగారు విన్నారు. "కననీ. కడుపులోది నీ కుక్కకోసం ఆగుతాదేటి?" అన్నారు. ఇద్దరూ ఇద్దరే. మధ్యలో నేను ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. తప్పు ఎవరిదని చెప్పను? పిల్లకి కుక్క ప్రాణం ముఖ్యం, పెద్దావిడకి రాబోయే ప్రాణం ముఖ్యం.

దసరా సెలవులు ఇచ్చిన మర్నాడు పొద్దున్నే ఆటో మాట్లాడి కుక్కని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాను. అత్తయ్యగారు కూడా ఎక్కారు. "డాక్టర్ సెప్పింది నువ్వు సగం ఇని సగం ఒదిలేస్తావు" అన్నారు. అది నిజమే కాబట్టి ఊరుకున్నాను. అక్కడ ఒక గేదె, నాలుగు మేకలు, మేకలకన్నా ఎక్కువ మంది మనుషులు ఉన్నారు. మా వంతు వచ్చేసరికి ఎండెక్కింది.

డాక్టరమ్మ చిన్నపిల్ల, మా అమ్మాయికన్నా రెండేళ్లు పెద్దదేమో. కుక్క ముక్కు ముందు చెయ్యి పెట్టి వాసన చూడనిచ్చి, మెల్లగా మెడ నిమిరింది. బ్లేడుతో చర్మం మీద పైపైన గీకి, ఆ పొట్టుని గాజుపలక మీద పెట్టి మైక్రోస్కోపులో చూసింది. ఇంకోచోట గీకి మళ్లీ చూసింది. "పురుగేమీ లేదండీ. ఇది గజ్జి కాదు. ఇంట్లో ఏం పెడుతున్నారు?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపే అత్తయ్యగారు ముందుకొచ్చారు. ఆ గొంతులో గర్వం నాకు ఇప్పటికీ వినపడుతుంది. "ఏటీ ఎట్టడం నేదమ్మా. నోరు కట్టీసినాం. గుడ్డు నేదు, సేప నేదు, పప్పూ నేదు. సల్లన్నం ఒక్కటే."

డాక్టరమ్మ గ్లవ్స్ తీసేసి కుర్చీలో కూర్చుంది. "ఎప్పటినుంచి మామ్మగారూ?"

"ఎండలనుంచీ."

"అదేనండీ దీని జబ్బు" అంది ఆ అమ్మాయి. తర్వాత తనే ఓపిగ్గా చెప్పింది. మొదట్లో దురద గోమార్లదే, అది తగ్గిపోయేదే. ఆ తర్వాత వచ్చింది మనం తెచ్చింది. బొచ్చంతా మాంసకృత్తులే. ఒంట్లోకి వెళ్లినదాంట్లోంచే అది రావాలి. చర్మం ఎండిపోకుండా కాపాడే కొవ్వు కూడా తిండిలోంచే రావాలి. అవి చాలకపోతే ఒళ్లు ముందు గుండెకీ కండకీ ఇచ్చుకుని, చర్మానికీ బొచ్చుకీ చివర్లో మిగిలిందేదో ఇస్తుంది. మీ కుక్కకి ఏమీ మిగల్లేదు. "పైన మీరు పూసిన నూనె గోనెకి అంటుకుంది. లోపలికి వెళ్లే నూనె కావాలి దీనికి."

ఉడికించిన గుడ్డు, ముళ్లు తీసిన చేప, ముఖ్యంగా కవళ్లలాంటి నూనె ఉన్న చేప, ఎముకలేని కోడిమాంసం, అన్నం తగ్గించి ఇవి పెంచమంది. ఉప్పూ కారం వద్దు, ఉల్లీ వెల్లుల్లీ అసలు వద్దు. ఒక్కసారిగా కాదు, ఒక్కోటీ కొంచెం కొంచెంగా కలుపుతూ చూడమంది. కొన్ని కుక్కలకి నిజంగానే ఏదో ఒక తిండి పడక దురద వస్తుందట. ఏది పడలేదో తెలియాలంటే అన్నీ ఒకేసారి మానేస్తే తెలియదు, ఒకేసారి పెట్టేసినా తెలియదు. వేపనూనె పూయడం ఆ రోజుతో ఆపెయ్యమంది.

"బొచ్చు ఎప్పటికి వస్తుంది?" అన్నాను. నాకు కావలసింది అదే.

"దురదా పొట్టూ నెలా నెలన్నరలో తగ్గాలి. బొచ్చుకి ఇంకా టైం పడుతుంది. తగ్గకపోతే మళ్లీ తీసుకురండి, వేరే పరీక్షలు చేద్దాం." లేచి అత్తయ్యగారి భుజం మీద చెయ్యి వేసి, "మీరు దానికి మంచే చేద్దామనుకున్నారు మామ్మగారూ. ఇప్పుడు కట్టిన నోరు విప్పండి చాలు" అంది. ఆ మాట అలా అన్నందుకు ఆ అమ్మాయి ఎక్కడున్నా చల్లగా ఉండాలి. నేనైతే ఆ స్థానంలో అరిచి ఉండేదాన్ని.

ఆటో ఇంటి మలుపు తిరుగుతుంటే అత్తయ్యగారు, "ఆ పిల్లకి ఇంకా పెళ్లయినట్టు నేదు" అన్నారు. కుక్క జబ్బుకీ డాక్టర్ పెళ్లికీ సంబంధం అడగలేదు. దిగాక చెప్పారు: "సరే, కార్తీకం ఎల్లేదాకా సూద్దాం. బాగోకపోతే తోటకే."

మర్నాడు నేను గుడ్డు ఉడకబెడుతుంటే వచ్చి గిన్నె నా చేతిలోంచి తీసుకున్నారు. చేపలు తెచ్చిన రోజు పీట వేసుకుని, కళ్లజోడు పెట్టుకుని, ఉడికిన కవళ్లని వేళ్లతో నలిపి నలిపి ముళ్లు ఏరారు. నువ్వు ముళ్లు సరిగ్గా తియ్యవన్నారు. ఆవిడ ఏది చేసినా అలాగే చేస్తారు, సగం సగం ఉండదు. పథ్యం ఎంత కచ్చితంగా చేయించారో తిండీ అంత కచ్చితంగా పెట్టడం మొదలెట్టారు. గొలుసు విప్పితే, కుక్క మొదటిరోజు ఆ పళ్లెం ముందు నిలబడి మావైపు చూసింది. తినొచ్చా అన్నట్టు. నేను ఏడ్చాను. అత్తయ్యగారు, "తినీయే, సూత్తావేటి" అన్నారు.

అంతలో కార్తీకమాసం వచ్చింది. మా ఇంట్లో ఆ నెలంతా నీచు గడప దాటదు. ఇక నేను చెయ్యాల్సిన పోట్లాట నేనే చెయ్యాలని నడుం బిగించుకుని వెళ్లాను. చూస్తే పెరట్లో మూడు ఇటుకలు పేర్చి, పాత సత్తుగిన్నె పెట్టి, పుల్లలు ఎగదోస్తున్నారు. పొద్దున్నే దీపం పెట్టుకున్నాక అక్కడ కుక్కకి వండుతున్నారు, వండాక మళ్లీ తలమీద నీళ్లు పోసుకుంటున్నారు. చలి, పైగా ఆ వయసు. గ్యాసు మీద చేస్తాను, మీరు తడవకండి అంటే, "నాకు కార్తీకం గానీ కుక్కకి కార్తీకమేటి. నువ్వు బడికెల్లు" అన్నారు. పక్కింటావిడ గోడమీంచి చూసి, కార్తీకంలో చేపలేమిటండీ అని అడిగితే, "డాక్టర్ సీటీ రాసింది, సూపించనా?" అన్నారు. అత్తయ్యగారికి చదువు రాదు, చీటీలో ఏముందో తెలియదు. అయినా ఆ చీటీ పేరు చెప్పి వీధిని మొత్తం నోరు మూయించారు.

ముందు ఆగింది పొట్టు. ఒకరోజు గోనె దులిపితే దుమ్ము తప్ప ఏమీ రాల్లేదు. నేను ఇంకోసారి దులిపి చూశాను. తర్వాత గోక్కోవడం తగ్గింది. కోడిమాంసం కలిపిన రెండు మూడు రోజులు కాస్త ఎక్కువైనట్టనిపిస్తే అది ఆపి చేపా గుడ్డుతోనే సాగించాం. నెల తిరిగాక వెన్ను మీద నల్లటి చర్మంలో నారుమడిలా సన్నటి మొలకలు కనపడ్డాయి. గోధుమరంగువే. ముందు నా కళ్లనే నమ్మలేదు, మా ఆయన్ని పిలిచి చూపించాను. ఆయన పేపరు పక్కన పెట్టి, నేలమీద కూర్చుని చూశారు. ఆయన పేపరు పక్కన పెట్టారంటే చిన్న విషయం కాదు. సాయంత్రం ఫోన్‌లో అమ్మాయికి మొహం కాదు, వెన్ను చూపించాను.

అత్తయ్యగారు మాత్రం బాగుందనీ అనలేదు, బాగోలేదనీ అనలేదు. నాకు గుబులుగానే ఉంది. బొచ్చు ఇంకా నిండలేదు, వెన్ను మధ్యలో అక్కడక్కడా పలచగానే కనపడుతోంది. కార్తీకం చివరి రోజుల్లో మా మరిది జీడిపప్పు బస్తాతో వ్యాన్ వేసుకుని వచ్చాడు. పాయకరావుపేట వెళ్లి వస్తూ దారిలో ఆగానన్నాడు. వ్యాన్‌లో తాడు చూశాను. కాఫీ తాగి గ్లాసు పెట్టేసి, "ఏదమ్మా, తోటకి తీసికెల్లమన్న కుక్క?" అని వాళ్లమ్మని అడిగాడు.

అత్తయ్యగారు చిక్కుళ్లు ఒలుస్తున్నారు. తలెత్తలేదు. "ఏ కుక్క?"

"అదే, గజ్జికుక్కన్నావు కదా."

"గజ్జేటి, గిజ్జేటి. దానికేటయిందని? బంగారంలాగుంది. నీ తోట కుక్కల్ని సూసుకో ముందు, ఎంటుకల్లేకుండా ఉన్నాయి. గుడ్డెట్టు ఆటికి" అన్నారు.

మా మరిది నావంక చూశాడు. నేను నవ్వు ఆపుకోలేక లోపలికి పోయాను. లోపలికి వెళ్లాక నవ్వు రాలేదు, గోడకి ఆనుకుని నిలబడి దణ్ణం పెట్టుకున్నాను. దేవుడికో ఆవిడకో నాకే తెలియదు.

తొమ్మిదో నెలలో అమ్మాయి కారు దిగేసరికి కుక్క గేటు దగ్గరే ఉంది. కడుపు మీదకి ఎగరకుండా అమ్మాయి చుట్టూ తిరిగింది, కాళ్ల దగ్గర పడుకుంది. ఎవరు చెప్పారో దానికి. అమ్మాయి కిందకి వంగలేదు కదా, మెట్టు మీద కూర్చుని దాని వెన్ను మీద చెయ్యి వేసి, పైనుంచి కిందికి, మళ్లీ పైనుంచి కిందికి నిమిరింది. వాళ్ల నాన్నమ్మ పెరటి గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. "ఎవరు చేశారమ్మా ఇదంతా?" అని నన్ను అడిగింది. నేను అటు చూపించాను. ఆవిడ వెంటనే పెరట్లోకి వెళ్లిపోయారు.

ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమంగా ఇంటికొచ్చారు. అక్కడినుంచి నాకు వేరే భయం మొదలైంది. మా ఇళ్లలో పథ్యాలన్నింటికీ పెద్ద పథ్యం బాలింత పథ్యం. ఆసుపత్రిలో అన్నీ తినాలి, గుడ్డు తినాలి, పప్పు తినాలి, నీళ్లు బాగా తాగాలి అని చెప్పి పంపారు. ఇంట్లో చెప్పేది మరొకటి. బాలింతది పచ్చి ఒళ్లు, గుడ్డు పడదు. పప్పు తింటే బిడ్డకి వాయువు. నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట జారుతుంది. ఇవన్నీ నాకు నోటికొచ్చు, ఎందుకంటే నేను చేశాను. మా అమ్మ నా పెళ్లికి ముందే పోయింది. నా పురుడు పోసింది అత్తయ్యగారే. పొద్దున్నే లేచి కాగుల్లో నీళ్లు కాచి, నడుంకి నూనె రాసి, బిడ్డకి సాంబ్రాణి వేసి, నన్ను మంచం దిగనివ్వకుండా చూసుకున్నారు. కన్నతల్లి ఉన్నా అంతకన్నా చెయ్యదు, ఆ మాట నేను ఎవరిముందైనా అంటాను. పథ్యమూ అంతే గట్టిగా పెట్టారు. వేడన్నం, కారప్పొడి, వెల్లుల్లి, బీరకాయ. దాహమేస్తే అరగ్లాసు నీళ్లు. ఆ రోజుల్లో నేను ఒక్కమాట ఎదురు చెప్పలేదు. నా కూతురి విషయంలో చెబుదామనే నిర్ణయించుకున్నాను. ఏమనాలో మనసులో రెండుమూడుసార్లు అనుకుని కూడా ఉంచుకున్నాను.

మధ్యాహ్నం అమ్మాయికి అన్నం వడ్డించాను. నేనూ పక్కనే పళ్లెం పెట్టుకుని కూర్చున్నాను. అత్తయ్యగారు పెరట్లోంచి గిన్నె పట్టుకుని వచ్చారు. నేను గొంతు సవరించుకున్నాను. ఆవిడ మంచం పక్కన కూర్చుని, గిన్నెలోంచి ఉడికిన గుడ్డు తీసి పెంకు ఒలిచి అమ్మాయి పళ్లెంలో వేశారు. పప్పు గరిటెడు వేశారు. చెంబునిండా నీళ్లు పక్కన పెట్టారు.

నావైపు చూడకుండా అన్నారు. "నీకూ అప్పుడు అలగే ఊడిపోనాది జుట్టు. దువ్వెన్నిండా వచ్చీది. నాను సూసాను. నువ్వు పత్తెం సరిగ్గా సెయ్యట్లేదేమో అనుకుని ఇంకా గట్టిగా కట్టీసాను."

అమ్మాయి తినడం ఆపి మా ఇద్దరి వంకా చూసింది. ఇన్నేళ్లలో ఆ జుట్టు మాట ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. చూశారని కూడా నాకు తెలియదు. ఆవిడ మనసు కష్టపెట్టుకోకూడదని, నిజం కూడా అదేనని, "కాన్పయ్యాక అందరికీ ఊడుతుందటండీ అత్తయ్యగారూ. అది మామూలేనట. మీ తప్పేం లేదు" అన్నాను.

"అందరికీ ఎట్టింది పత్తెమే కదేటి" అన్నారు.

లెక్కల టీచర్ని. ఆ స్టెప్పు కొట్టెయ్యడానికి లేదు. ఆవిడ గిన్నెలో చెయ్యి పెట్టి ఇంకో గుడ్డు తీశారు. నిదానంగా, ఎక్కడా పొర మిగలకుండా ఒలిచి, నా పళ్లెంలో పెట్టారు. "తిను అమ్మాయీ" అన్నారు.

నేను తిన్నాను.